నెల్ అస్క్యూ మంత్రికి రాసిన ఉత్తరం

థార్న్‌బెక్ ఊరి కౌన్సిల్‌కు నేను ఇరవై ఆరేళ్లు అధ్యక్షుణ్ణి. పద్నాలుగో ఏట ఊరి బడి వదిలి గొర్రెల వెంట పడ్డవాణ్ణే. అయినా ఇంటింటికీ కుళాయి తెప్పించాను, బడిలో పిల్లలు చలి కాచుకునేందుకు కొత్త పొయ్యి పెట్టించాను, వంతెన పిట్టగోడ రెండుసార్లు కట్టించాను. పెద్ద పెద్ద ఆఫీసులకు నేను రాసిన ఉత్తరాల నకళ్లు మూడు పెట్టెల నిండా ఉన్నాయి. కానీ వాటన్నిటికన్నా గట్టిగా పనిచేసిన ఉత్తరం పక్కింటి నెల్ అస్క్యూది.

నెల్ మొగుడు విల్ఫ్ రాతి క్వారీ దుమ్ముకు ఊపిరితిత్తులు పోగొట్టుకుని, పన్నెండు మైళ్ల అవతల హాల్ట్‌విక్ ఆసుపత్రిలో పడి ఉన్నాడు. మంగళ, శుక్రవారాలు రెండు నుంచి మూడు దాకా మాత్రమే చూడనిస్తారు. నెల్ ఒంటిగంట రైలెక్కి వెళ్లి వచ్చేది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆ రైలు తీసేస్తామని స్టేషన్ గోడకు నోటీసు అంటించారు. తీసేయాలంటే రవాణా మంత్రి సంతకం పడాలి. అంతకుముందు ఒక సంఘం వచ్చి ఊరి మాట వినాలి. నేను నూట పన్నెండు అభ్యంతరాలు పోగుచేశాను.

చర్చి హాల్లో విచారణ. మా తాత ఆ పట్టాలు వేసిన వైనం, రాతి వంతెన అందం అరగంట చెప్పాను. సంఘం పెద్ద కళ్లద్దాలు తీశాడు.

"బాగుందండీ. కానీ మేం మంత్రిగారికి రాసేది ఒక్కటే. రైలు పోతే ఎవరికి కష్టం? అంతే." నెల్ వంక తిరిగాడు. "మీకేమైనా కష్టమవుతుందామ్మా?"

నెల్ టోపీ సర్దుకుని లేచింది. "ఏదోలా నెట్టుకొస్తాలెండి."

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. మా ఊరి మనిషంటే అలాగే ఉండాలి మరి! ఆమె తర్వాత లేచిన పద్దెనిమిది మందీ అదే మాట అన్నారు. ఇంటికి నడుస్తుంటే సగం దారిలో ఆగిపోయాను. సంఘం గుమాస్తా ఏం రాసుకుని ఉంటాడు? ఎవరికీ కష్టం లేదనేగా!

తిన్నగా నెల్ వంటింట్లోకి వెళ్లాను.

"కష్టమని చెప్పడానికి నీకు నోరు రాలేదా?"

"ఊరందరి ముందూనా? విల్ఫ్‌కి తెలిస్తే తలెత్తుకోగలడా? కూర్చోవయ్యా టామ్, అలా తిరక్కు, నేల అరిగిపోతుంది."

"సంఘం ఏం రాసినా మంత్రి కాదనగలడు. ఆయన కలంలో అంత బలముంది. కానీ నువ్వు చెప్పందే ఆయనకెలా తెలుస్తుంది?"

"చెప్పుకోవడానికి మంత్రేమన్నా నా మొగుడా?"

"కాదు. నీ మొగుణ్ణి నిన్ను చూడనిచ్చేవాడు."

నెల్ టీ కాచింది, నాకు పోయడం మరిచిపోయింది. మర్నాడు ఒక కాగితం తెచ్చి చూపించింది. "అయ్యా, జనవరిలో పట్టాలు మంచులో పూడినప్పుడు నడిచి వెళ్లాను. నాలుగు గంటలు పట్టింది. నేను చేరేసరికి మూడు దాటింది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఇట్లు, నెల్ అస్క్యూ." అంతే. ఆ నడక సంగతి పక్కింట్లో ఉండి నాకే తెలియదు.

ఆ కాగితం పోస్టు చేశాక లండన్‌లోని మంత్రి ఆఫీసు నుంచి ఏడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. పోస్టుమాన్ సైకిల్ గంట మోగితే చాలు, తింటున్న రొట్టె వదిలేసి గేటు దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. నెల్ మాత్రం కిటికీ తెర కదిపి చూసేది.

చివరికి తీర్పు వచ్చింది. రైలు తీసేయవచ్చు. అయితే మంగళ, శుక్రవారాల్లో రెండు గంటలకు ముందే హాల్ట్‌విక్ ఆసుపత్రి చేరే బస్సు నడిచేదాకా రైలు మానేయకూడదు. అది మంత్రి పెట్టిన షరతు. స్టేషన్ పోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ ఈ లోయలో అలాంటి షరతు సాధించిన ఊరు మాదొక్కటే.

మొదటి మంగళవారం బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నెల్ ఎక్కింది. సాయంత్రం దాకా నేను రోడ్డు మీదే తచ్చాడాను. ఆమె దిగగానే అడిగాను, "ఎలా ఉన్నాడు?"

"గుడ్డు తిన్నాడు. నేను చేరేసరికి రెండూ పది." చేతిసంచీ నా చేతిలో పెట్టి గ్లవ్స్ తీసింది. "మంత్రి రెండింటికి ముందే అన్నాడుగా?"

"అన్నాడు. ఇవాళే రాస్తాను."

"నువ్వెందుకు? మళ్లీ మీ తాత సంగతి మొదలెడతావు. కాగితం ఉంటే ఇవ్వు, నేనే రాస్తా."