కురుమమ్మ నమ్మిన సమితి

నారాయణగూడ మేడలకు ఇటుకలు మోసి మోసి, మోకాళ్లు పోయాక కురుమమ్మ చీపురు పట్టింది. అశోక్‌నగర్‌లో మా గ్రూప్-1 కోచింగ్ సెంటర్‌ను ఊడ్చేది ఆమే. మధ్యాహ్నం మేమంతా బెంచీల మీద కునుకు తీస్తుంటే, గోడమీది ప్రపంచ పటం ముందు నిలబడిపోయేది. పటంలో నేలకంటే నీలమే ఎక్కువ. ఆ నీళ్ల కింద ఎన్ని ఊళ్లున్నాయని ఒకరోజు నన్నడిగింది.

ఆమె ఊరు పాలమూరు దిక్కున, కృష్ణ ఒడ్డున ఉండేది. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ ఇంట్లోనే ఉంటుందట. నీళ్లలోనే వాకిలి ఊడుస్తుందట, చేపలు గడప దాటి లోపలికి పోతాయట, నాయన అరుగుమీద కూర్చునే ఉంటాడట. ఆమె చెబుతుంటే ఫ్యాన్ చప్పుడు కూడా నాకు ఏటి చప్పుడులాగే వినబడింది.

మునిగిన ఇంటికి బదులు జాగా ఇస్తామని పంచాయతీ సమితివాళ్లు ఆమె నాయనకు కాగితమిచ్చారు. ఆయన కాళ్లరిగేలా తిరిగాడు. కొన్నాళ్లకు సమితిని ఎత్తేశారు, మండలం వచ్చింది పొమ్మన్నారు. జాగా కళ్లజూడకుండానే ఆయన పోయాడు. కాగితం మాత్రం కురుమమ్మ దగ్గరుంది.

మా విఠల్ సార్ ఐక్యరాజ్యసమితి పాఠం చెబుతూ అది కోరలు తీసిన పామన్నారు. మేం బెంచీలు చరిచి నవ్వాం. ప్రపంచ బ్యాంకు మొదలు అన్నింటినీ వెక్కిరించడం మాకు అలవాటు. ఒక్కదాని గడపా తొక్కినవాళ్లం కాదు. గుమ్మం దగ్గరున్న కురుమమ్మ నవ్వలేదు. మర్నాడు ఆ పాత కాగితం నా చేతిలో పెట్టి, సార్ చెప్పిన సమితికి అర్జీ రాసిపెట్టమంది.

ఒక్క మాట పట్టుకుని పాపం ఎంత దూరం పోయిందో అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, విడమరిచి చెప్పాను. ఆ సమితి వేరు, ఇది వేరు. దేశాలు కూర్చుని మాట్లాడుకునేచోట నీ ఇంటి జాగా సంగతి ఎవరూ ఎత్తరన్నాను. ఆమె ఓపిగ్గా వింది.

"గది వేరని నాకెర్కనే బిడ్డా," అంది. "మేం తిరగని ఆఫీసు లేదు. మమ్ముల ఇంక మోసం చెయ్యంది గదొక్కటే ఉన్నది. రాయి."

నాకు సిగ్గేసింది. తెల్లకాగితం తీసుకుని, పరీక్షలో కూడా ఎన్నడూ రాయనంత కుదురుగా, ముందు వాళ్ల ఊరి పేరు రాశాను.