ఆటస్థలానికి తాళం

అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వీధిలో మాత్రం అందరికీ తాళాలాయన. ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు, ఇంటావిడే. పెళ్లయిన కొత్తలో అతని ప్యాంటు ఉతకబోతూ జేబులోంచి ఆరు తాళంచెవులు బయటికి తీసి, "పెళ్లికి ముందు మీరు జైల్లో పనిచేశారా?" అని అడిగింది. పక్కింట్లో విన్నారు. పేరు నిలబడిపోయింది.

తాళాల వెనకున్న సంగతి మాత్రం నవ్వులాట కాదు. అతను పంతొమ్మిదేళ్ల వయసులో పని నేర్చుకుంటుండగా, అతని మేస్త్రీ ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు గుంటలోకి దిగాడు. మెయిన్ స్విచ్ ఆపేసి, 'పని జరుగుతోంది, ముట్టుకోవద్దు' అని అట్టముక్క తగిలించి మరీ దిగాడు. మూడో అంతస్తులో ఎవరికో తొందరొచ్చింది. వాడొచ్చి అట్టముక్క పక్కకి జరిపి స్విచ్ వేశాడు. మేస్త్రీ బతికాడు గాని కుడిచేతికి రెండు వేళ్లే మిగిలాయి. ఆస్పత్రి మంచం మీద నుంచి ఆయన శిష్యుడికి చెప్పిన పాఠం ఒక్కటే.

"అట్టని నమ్మకురా. తాళం వెయ్యి. చెవి నీ జేబులో పెట్టుకో. వేసింది ఎవరో, ఎప్పుడో రాసి సంతకం పెట్టు. రేపు ఏదైనా అయితే ఎవర్ని అడగాలో జనానికి తెలియాలి."

అప్పట్నుంచి ఇరవై ఆరేళ్లు అతను ఆ మాట జవదాటలేదు. ఏ భవనానికి వెళ్లినా ముందు స్విచ్ పెట్టెకి తన తాళం పడాలి. తర్వాత వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో టైము వేసి, 'తాళం నాది, చెవి నా దగ్గర ఉంది, బాధ్యత నాది' అని రాసి సంతకం చెయ్యాలి. వాచ్‌మన్లు విసుక్కునేవాళ్లు. పుస్తకం లేదంటే పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి రాసేవాడు.

పెళ్లయిన పదకొండేళ్లకి వాళ్లకొక పాప పుట్టింది. అంత ఆలస్యంగా పుట్టిన బిడ్డ కాబట్టి అతని ప్రాణాలన్నీ దాని మీదే ఉండేవి. వాళ్ల వీధి ఇరుకు. పెద్ద రోడ్డు మీద సిగ్నల్ తప్పించుకోవడానికి లారీలన్నీ అందులోంచే పోయేవి. ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చే లారీ ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లు దాటుతుంది. వాళ్ల గుమ్మానికీ రోడ్డుకీ మధ్య దూరం మీటరున్నర. ఈ లెక్క అతను మనసులో ఎన్నిసార్లు వేసుకున్నాడో చెప్పలేం. పాపకి మూడేళ్లప్పుడు బంతి వెంట పరిగెత్తింది. లారీ చక్రం జానెడు దూరంలో ఆగింది. డ్రైవర్ దిగి, "పిల్లల్ని కనగానే సరిపోదు సార్, చూసుకోవాలి" అన్నాడు. అతను పాపని ఎత్తుకుని గుమ్మంలోకి తెచ్చాడు.

ఆ వీధి చివర నాలుగువందల గజాల ఖాళీ స్థలం ఉంది. పురపాలక కార్యాలయం గోడకి తగిలించిన పటంలో దాని మీద 'పిల్లల ఆటస్థలం' అని రాసి ఉంటుంది. పటంలో ఆడుకోవాలంటే ఆడుకోవచ్చు. నేల మీద మాత్రం కూల్చిన గోడల ముక్కలు, తుప్పు రేకులు, సీసా పెంకులు. వీధివాళ్లు ఏడు అర్జీలు పెట్టారు. ఏడింటికీ ఒకటే జవాబు: పరిశీలనలో ఉంది.

"వాళ్లు పరిశీలించేలోపు మన పిల్లలకి పిల్లలు పుడతారు. మనమే చేసుకుందాం" అన్నారు ఎదురింటి లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి లెక్కలు చెప్పడానికి ఎవరూ దొరక్క వీధి పెద్దరికం తీసుకున్నారు.

తొమ్మిది ఆదివారాలు పట్టింది. మాస్టారు కుర్చీ వేసుకుని కూర్చుని ప్లాను గీశారు. తాళాలాయన తాపీ పనివాళ్ల దగ్గర ఇసుక జల్లెడ అడిగి తెచ్చాడు. పైపైన గాజు ఏరితే అతనికి తృప్తి లేదు. జానెడు లోతు తవ్వి మట్టంతా జల్లించాడు. పద్నాలుగు బస్తాల పెంకులు లేచాయి. చివరి ఆదివారం చెప్పులు విప్పేసి ఆ నేలంతా తనే నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడిచాడు. కాలికి ఏమీ గుచ్చుకోలేదని తేలాకే పాపని దింపాడు.

సరిగ్గా వారానికి ఒక ట్రాక్టరు వచ్చి మళ్లీ రాళ్లు కుమ్మరించి పోయింది. అప్పుడు చుట్టూ ఇనుప తీగ లాగి, ఒక భవనంలో మార్చేసిన పాత లిఫ్టు జాలీ తలుపు తెచ్చి గేటుగా బిగించాడు. పొద్దున ఆరుకి తెరిచేవాడు, చీకటి పడగానే మూసేవాడు. తను పనిలో ఉంటే ఆవిడ తీసేది. తాళం వేసిన మర్నాడు కూర్చుని ఆఫీసుకి ఉత్తరం రాశాడు.

ఇంటావిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. గాజు పలక మీద చుక్క చూసి రోగం చెప్పే మనిషి. ఆమె ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"ఇది ఎవరడిగారని ఇస్తున్నారు?"

"ఎవరూ అడగలేదు. చెప్పడం మన ధర్మం కదా."

"అడిగినప్పుడు చెప్పొచ్చుగా. 'ఈ స్థలానికి కంచె వేసి తాళం పెట్టాను, చెవి నా దగ్గర ఉంది, స్థలం బాధ్యత నాది.' ఇదేం రాత అండీ? పోయి పులి నోట్లో తల పెట్టి, దువ్వి పెట్టమన్నట్టుంది."

"తాళం వేసినవాడు పేరు రాయకపోతే అది దొంగతాళం అవుతుంది."

"అందరూ కలిసి చేశారుగా. అందరూ సంతకం పెట్టండి మరి."

ఉత్తరం మాస్టారు దగ్గరికి తీసుకెళ్తే ఆయన కళ్లజోడు వెతుక్కుని, దొరకలేదని చెప్పి, "మీరు పెట్టారుగా, చాల్లెండి, ఒక సంతకం ఉంటే స్పష్టంగా ఉంటుంది" అన్నారు. కళ్లజోడు ఆయన నెత్తిమీదే ఉంది. తాళాలాయన అది చూశాడు గాని అందులో సంగతి చూడలేదు.

మూడేళ్లు బాగా గడిచాయి. ఇరవై ముప్పైమంది పిల్లలు ఆ మట్టిలో పడ్డారు, లేచారు, మోకాళ్లు చెక్కుకున్నారు. సాయంత్రాలు అతను పని నుంచి వస్తూ, ఇంటికి పోకుండా ముందు ఆ గేటు దగ్గర నిలబడేవాడు. పాప పరిగెడుతుంటే చూడటం అతనికి భోజనంతో సమానం.

నాలుగో ఏడు ఆ స్థలం పక్కన వార్డు సభ్యుడి బావమరిది ఫర్నిచర్ షోరూమ్ కట్టాడు. మూడంతస్తులు. మెట్లు రోడ్డు మీదికి ఆరు అడుగులు దిగాయి, జనరేటరు ఇంకో మూడు అడుగులు ముందుకొచ్చి కూర్చుంది. అన్నీ ఉన్నాయి గాని కొనడానికి వచ్చేవాళ్ల కార్లకే చోటు లేదు. షోరూమ్ తెరిచిన నెలకి తాళాలాయన పేరున ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ప్రభుత్వ స్థలాన్ని ఆక్రమించి, కంచె వేసి, స్వాధీనంలో ఉంచుకున్నందుకు సంజాయిషీ చెప్పుకోవాలట.

విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి అధికారి మీదికే వస్తోంది. అధికారి చెడ్డగా మాట్లాడలేదు. కూర్చోమన్నాడు కూడా. తర్వాత ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఇటు తిప్పాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"తాళం పెట్టాను అని రాశారు. పెట్టారా?"

"రాళ్లు పోస్తున్నారని పెట్టాం సార్. పొద్దున్నే తెరుస్తాం, పిల్లలు..."

"పెట్టారా, లేదా?"

"పెట్టాను."

"చెవి ఎవరి దగ్గర ఉంది?"

"నా దగ్గరే."

"ఇంకేం కావాలి మాకు? మామూలుగా ఇలాంటి కేసుల్లో సాక్ష్యం కోసం మేం నానా తిప్పలు పడతాం. మీరు మూడేళ్ల కిందటే చేతికి తెచ్చిచ్చారు."

పక్కనున్న గుమాస్తా నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"సార్, పక్కన జనరేటరు రోడ్డు మీదే ఉంది. మెట్లూ రోడ్డు మీదే ఉన్నాయి. నేను టేపు పెట్టి కొలిచాను. తొమ్మిది అడుగులు."

"వాళ్లు ఎక్కడైనా రాసిచ్చారా, మేం ఆక్రమించాం అని?"

"లేదు సార్."

"మరి? అది పరిశీలనలో ఉంది."

సాక్ష్యానికి వీధివాళ్లని తెచ్చుకోమని వారం గడువిచ్చారు. అతను ముందు మాస్టారింటికే వెళ్లాడు. మాస్టారు మంచినీళ్లిప్పించి, మోకాళ్ల నొప్పుల గురించి, ఎండల గురించి మాట్లాడి, చివరికి అసలు మాటకొచ్చారు.

"నేను ప్లాను గీశానంతే బాబూ. గీత గీయడం నేరం కాదు. బాధ్యత నాది అని నేనెక్కడా రాయలేదు కదా. అయినా అంత గట్టిగా రాయకుండా ఉండాల్సింది మీరు."

మిగిలిన ఇళ్లలో అంత పొడుగు మాటలు కూడా దొరకలేదు. ఒకావిడ తలుపు సందులోంచే, "మా ఆయన ఊళ్లో లేరన్నయ్యా" అంది. లోపల ఆయన తుమ్మడం వినపడింది.

గడువు తీరే ముందురోజు సాయంత్రం వార్డు సభ్యుడే అతని ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పి, పాప బుగ్గ గిల్లి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నా, నీ మీద నాకు కోపం లేదు. కేసు ముదిరితే పోలీసుల దాకా పోతుంది. నీ లిఫ్టు లైసెన్సు ఏటేటా కొత్తది చేయించుకోవాలిగా, కేసు ఉన్నోడికి ఇవ్వరు. నాకు తెలిసి చెబుతున్నా. ఆక్రమించాను, స్వచ్ఛందంగా ఒప్పగిస్తున్నాను అని ఒక్క ముక్క రాసివ్వు. ఫైలు మూసేస్తారు. రాయడం నీకు అలవాటేగా."

ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. "స్థలాన్ని ఏం చేస్తారు?" అని అడిగింది.

"ప్రజల కోసమేనమ్మా. పార్కింగు."

"ఏ ప్రజలు? సోఫాలు కొనేవాళ్లా?"

"వాళ్లూ ప్రజలే కదమ్మా."

వార్డు సభ్యుడు పోయాక ఆమె తలుపు వేసింది. తిట్టిపోస్తుందని అతను కాచుకున్నాడు. 'అప్పుడే చెప్పానా' అంటే బాగుండేది. ఆమె అనలేదు. లైసెన్సు పోతే ఇల్లు తన జీతం మీద ఎన్నాళ్లు నడుస్తుందో లెక్క వేసుకుంటోందని ఆమె మొహం చూస్తే తెలిసిపోయింది. చివరికి, "రాసివ్వండి" అంది. "మీరు దొంగ కాదని నాకు తెలుసు. దానికి వాళ్ల స్టాంపు అక్కర్లేదు."

అతను రాశాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తెలిసి రాసిన మొదటి అబద్ధం అదే. గుమాస్తా చదివి, 'ఆక్రమించాను' అన్న మాట పక్కన 'దురుద్దేశంతో' అని కూడా చేర్చమన్నాడు. అలా రాయడం పద్ధతట. చేర్చాడు.

పది రోజుల్లో తీగ పీకేశారు. జాలీ తలుపు పాతసామాను బండిలో పోయింది. జల్లించిన నేల మీద కంకర పోసి రోలరు తొక్కించారు. ముందు ఒక నీలం బోర్డు పాతారు. దాని కింద రెండు కార్లు, ఒక డెలివరీ వ్యాను. పిల్లలు రెండు రోజులు కార్ల మధ్య దాగుడుమూతలు ఆడారు. మూడో రోజు షోరూమ్ కాపలావాడు కర్ర పట్టుకొచ్చాడు. ఇప్పుడు పిల్లలంతా మళ్లీ రోడ్డు అంచునే, గుమ్మాల్లోనే ఉంటున్నారు. తాళాలాయన గుమ్మానికి అడ్డంగా ఒక బల్ల వేశాడు. లారీ హారను వినపడితే ఎక్కడున్నా ఉలిక్కిపడతాడు.

పాపకి ఇప్పుడు ఏడేళ్లు. చదవడం వచ్చిన కొత్త, కనపడిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతుంది. స్కూలు నుంచి తీసుకొస్తుంటే బోర్డు ముందు ఆగిపోయింది. వేలు పెట్టి కూడబలుక్కుంది.

"ఆ-క్ర-మ-ణ-దా-రు నుం-చి స్వా-ధీ-నం చే-సు-కు-న్న ప్ర-జా స్థ-లం. ఆక్రమణదారు అంటే ఏంటి నాన్నా?"

"ఇంకొకళ్లది తీసుకున్నవాడు."

"ఎవరు తీసుకున్నారు?"

అవతలి వైపు నుంచి కూరల సంచీతో వస్తున్న మాస్టారు ఆ ప్రశ్న విని, చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి వంగారు. వంగినవారు చాలాసేపు లేవలేదు.

పాప మొహమెత్తి చూస్తోంది. ఏదడిగినా జవాబు చెప్పే నాన్న, ఆకాశం నీలంగా ఎందుకుంటుందో, లిఫ్టు ఎందుకు కింద పడిపోదో ఓపిగ్గా చెప్పే నాన్న, ఈసారి దాని స్కూలు సంచీ తీసి తన చేతికి తగిలించుకున్నాడు. వెనక హారను మోగింది. అతను పాపని భుజం పట్టుకుని లోపలి వైపుకి మార్చాడు.

"లారీ వస్తోంది. గోడ పక్కగా నడువు" అన్నాడు.