లాంచిల నాగార్జునకొండ పోయి సగం పువ్వు తెచ్చుకున్నం

మా నాయిన మగ్గం మీద రెండు నెలల సంది వార్పు, అంటె చీరలు నేసే పడుగు దారం, లేకుండె. మాది పోచంపల్లి, చిటికి చీరలు నేసుడు మా ఇంటి పని. నేసేముందే దారాలకు రబ్బరు ముక్కలతోని ముడులు కట్టి రంగుల ముంచుతం, ముడి ఉన్నకాడ రంగు పట్టది, గట్ల పువ్వు పడ్తది. మాకు దారమిచ్చే సేటు, "చీర మీద గీ పువ్వు బుట్టలు ఇగ నడువయ్ యాదయ్యా. గివ్వే బుట్టలు గుడ్డ మీద అచ్చేసి అగ్గువకు అమ్ముతున్నరు. కొత్త బుట్ట తెస్తే వార్పు ఇస్త, లేకుంటె నువ్వే చూస్కో" అన్నడు. నాయిన ఇంటికొచ్చిండు. తెల్లారి చౌటుప్పల్ పోయి ఒక మందుల కంపెనీల వాచ్‌మెన్ పని మాట్లాడుకొని వచ్చిండు. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నరట. అంటే ఇగ పన్నెండు రోజులే. మగ్గం విప్పి అటక మీద పెడ్త అన్నడు. విప్పొద్దని చెప్పాల్నని ఉండె నాకు. నేను ఏడు దాకనే చదివిన, నలుగుట్ల మాట్లాడాల్నంటె నాకు చెమటలు పడ్తయి, ఇంట్ల కూడ గంతే.

మాట్లాడేది మా అవ్వ. నాయినకు అమ్మ. శానా ఏండ్ల కింద మగ్గాలు చూడనీకె వచ్చిన ఒక మేడం, అవ్వ కట్టిన పువ్వు చూసి "ఇట్లాంటిదే నాగార్జునకొండలో రాతి మీద ఉంది" అన్నదట. అవ్వ గది యాది పెట్టుకున్నది. "పా బిడ్డా, గా రాతి పువ్వు తెచ్చుకుందాం. రాజులు చెక్కిచ్చిన పువ్వంటె సేటు నోరు మూస్కుంటడు" అన్నది. నాయిన, "గంత దూరం పోయి రాళ్లు చూసొస్తవా అవ్వా" అని నవ్విండు. అవ్వ అప్పటికే సద్ది కట్టుకుంటుంది.

శుక్రవారం మ్యూజియం బంద్ ఉంటదని ఎవలో చెప్తే ఆదివారం పోయినం. పొద్దుగాల నాలుగున్నరకు ఆటో ఎక్కి చౌటుప్పల్ వచ్చినం, మనిషికి నలభై తీస్కున్నడు. హైవే మీద నల్లగొండ బస్సు ఐదు ఇరవైకి దొరికింది. ఆడోళ్లకు టికెట్టు లేదు కాబట్టి అవ్వ ఆధార్ కార్డు చేతుల పట్టుకొని దర్జాగ కూసున్నది. కండక్టర్ నా దిక్కు చూసి "నీకు డబ్బులు పడ్తయి తమ్మి" అంటె అవ్వ, "గీడు గూడ ఆడపిల్ల లెక్కనే సారూ, నోట్లకెళ్లి మాట రాదు, ఫిరీ కొట్టు" అన్నది. బస్సంత నవ్విండ్రు. నేను కిటికీల మొఖం పెట్టుకున్న. నల్లగొండ ఏడు గంటలకు దిగినం, బస్టాండ్ల చాయ తాగి ఏడుంబావు సాగర్ బస్సు ఎక్కినం. హాలియా మీదికెళ్లి పోయి తొమ్మిదిన్నరకు సాగర్ల దింపిండు. రెండు బస్సులకు కలిపి నాకు నూట డెబ్బై దాక అయింది. తొవ్వ పొడుగూత నేను ఫోన్ల వీడియోలు చూసుకుంట పోయిన. గది తప్పని తర్వాత తెలిసింది.

లాంచీలు ఎక్కే జాగా నది అవుతల, ఆంధ్ర దిక్కు ఉంటది. బస్టాండు కాడికెళ్లి షేరింగ్ ఆటోలు ఉంటయి. ఆటో ఆయన ఇద్దరికి నూరు అన్నడు, అవ్వ అరవైకి దించింది. బ్రిడ్జి మీద పోతుంటె డ్యాము మొత్తం కనవడ్డది, నేను గంత పెద్ద గోడ ఎన్నడు చూడలే. ఆటో ఆయన, "ఏం పెద్దమ్మా, మొక్కు ఉన్నదా కొండ మీద?" అని అడిగిండు. అవ్వ, "మొక్కు కాదయ్యా, దొంగతనం. పువ్వు ఎత్తుకపోనీకె వచ్చినం" అన్నది. ఆయన బండి ఆపి ఎనుకకు తిరిగి మా ఇద్దర్ని చూసిండు.

లాంచి టికెట్టు మేం పోయిననాడు మనిషికి రెండు నూర్లు. మ్యూజియంకు వేరే ఇయ్యాలె, గది దీవి మీదనే తీస్కుంటరు. ఆదివారం కాబట్టి లైను బాగ ఉండె, పదిన్నర లాంచికి మాకు దొరికినయి. లాంచిల ఒక గైడు సారు ఎక్కిండు, మాచర్ల ఆయనట, అందరికి కలిపి చెప్తడు, మనిషికి యాభై. నీళ్ల మీద ముప్పావు గంట పోతది. చుట్టూ నీళ్లే, నడుమ గుట్టలు. గైడు సారు మైకు లేకుండనే గట్టిగ చెప్పిండు: డ్యాము కట్టినప్పుడు కిందున్న పాత కట్టడాలు, బౌద్ధుల మఠాలు మునుగుతయని, వాటిని రాయి రాయి విప్పి, నంబర్లేసి, గీ కొండ మీదికి తెచ్చి మల్ల కట్టిండ్రట. అవ్వ నన్ను మోచేత్తోని పొడిచి "విప్పినోళ్లు అటక మీద పెట్టలే చూడు" అన్నది. గైడు సారు, "దిగాక గంట టైము. గంటకి హారన్ కొడతాం, అందరూ వచ్చేయాలి" అని చెప్పిండు. గప్పుడు ఫోన్ చూస్తె మూడు శాతం ఉన్నది. దీవి కాడ దిగంగనే ఆగిపోయింది. ఇగ ఫోటోల ముచ్చట లేదు. నా సంచిల గ్రాఫు కాయితాలు, పెన్సిల్, ఒక దారం ఉండ, గవ్వే ఉన్నయి.

దీవి మీద చెట్లు, గడ్డి, గుండ్రటి ఇటుక దిబ్బలు. నడుసుకుంట పోతె మ్యూజియం వస్తది. లోపల చల్లగ ఉంది. తెల్లగ, జరంత పచ్చ కలిసినట్టున్న రాళ్లు. గైడు సారు ఒక్కొక్క బొమ్మ కాడ ఆగి కథ చెప్తున్నడు. మేము ఆయన ఎన్క లేం, ఇద్దరం పువ్వును ఎతుకుతున్నం. చివరి గోడ కాడ దొరికింది. బండి గిర్రంత గుండ్రటి రాయి, నడుమ తామరపువ్వు, రేకుల మీద రేకులు, దాని సుట్టూత బాతులు. బాతులు పైనుంచి రెండు దిక్కుల దిగి కింద ఒకదానికొకటి ఎదురు పడ్తయి. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "గింత చక్కగ మా అమ్మ గూడ కట్టలే బిడ్డా" అన్నది.

మా పనిల ఒక పద్ధతి ఉంటది. దారాలను మడిచి కడ్తం. ఒక్క దిక్కు కడ్తె మడత ఇప్పినప్పుడు రెండు దిక్కుల పడ్తది, అద్దంల చూసినట్టు. అందుకే మేము ఏ పువ్వునైనా సగమే గీస్తం. నేను చెయ్యి చాపి దారం రాతికి ఎదురుంగ పట్టి, ఒక కన్ను మూసి, రేక మొదలైనకాడ ఒక ముడి, అయిపోయినకాడ ఒక ముడి ఏసి, గ్రాఫు మీద గీసుకుంట పోయిన. నేను చెప్తుంటె అవ్వ ఏళ్ల మీద లెక్క పెడ్తుంది. గంటల అయితదా అని మల్ల మల్ల తలుపు దిక్కు చూస్తున్న.

సగంల ఉండంగ అక్కడి గార్డు వచ్చిండు. "బాబూ, దారాలు కట్టకూడదు ఇక్కడ. ఇది గుడి కాదు" అన్నడు. అవ్వ మాట్లాడ్తదని చూసిన. అవ్వ లెక్క తప్పుతదని నోరు మూస్కొని ఏళ్లు పట్టుకొని నిలబడ్డది. గైడు సారు, ఆయన ఎంబడి వచ్చిన ముప్పై మంది, అందరు నన్నే చూస్తున్నరు. నోరు తెరిస్తె మొదలు గాలే వచ్చింది. తర్వాత అన్న, "కట్టుతలేను సారూ. కొలుస్తున్న. మా నాయినకు పువ్వు కావాలె. పువ్వు లేకుంటె మగ్గం ఇప్పేస్తడు."

గార్డు గైడు సారు దిక్కు చూసిండు. సారు దగ్గరికొచ్చి నా దారం చూసిండు, గ్రాఫు చూసిండు. "నేతగాళ్లా? ఎక్కడ?" అన్నడు. అవ్వ ఏళ్లు ఇప్పకుండనే "పోచంపల్లి" అన్నది. "రాయి ముట్టుకోడు లెండి, నేను చూసుకుంటా" అని సారు గార్డుకు చెప్పి, జనాన్ని అవుతలికి తోల్కపోయిండు. పోయేముందు ఒక పిలగాన్ని మా ఎన్కకెళ్లి జరిపి "వెలుతురు అడ్డం రాకురా" అన్నడు. గార్డు పోయి కుర్చీ తెచ్చి అవ్వను కూసోమన్నడు. హారన్ కొట్టేటప్పటికి సగం పువ్వు మొత్తం అయింది. ముప్పై ఏడు ముడులు. నేను ఉరుక్కుంట లాంచి ఎక్కిన, నవ్వు ఆగుతలేదు.

లాంచి కదిలినంక సారు వచ్చి మా పక్కన కూసున్నడు. "ఏదీ, మన హంసలు చూపించు" అన్నడు. "గవి బాతులే సారూ" అన్నది అవ్వ. నేను గ్రాఫు ఇచ్చిన. ఆయన చూసుకుంట, చూసుకుంట, "మరి వెనక్కి చూసేది ఏదీ?" అన్నడు.

"ఏది సారూ?"

"కుడి పక్కన పైనుంచి మూడోది. అన్నీ ముందుకి నడుస్తుంటే అదొక్కటే మెడ తిప్పి వెనక్కి చూస్తుంటది. ఆ రాయికి అందం అదే కదా బాబూ. నేను ఎప్పుడూ దాన్నే చూపిస్తా."

నేను గ్రాఫు గుంజుకొని చూసిన. నేను కుడి దిక్కు సరిగ చూడనే లేదు. ఎడమ సగం ఏదో కుడి సగం గదే అనుకున్న. పోచంపల్లిల ఎవలైనా గట్లనే అనుకుంటరు. అవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నది, "గంత దూరం వచ్చి సగం రాయి చూసినం గదరా" అన్నది. ఎనుకకు చూస్తె దీవి సిన్నగయితుంది. తర్వాతి లాంచికి పోదామా అని సారును అడిగిన. ఆయన ఫోన్ చేసి కనుక్కున్నడు, సీట్లన్ని నిండినయట. నాకు ఏడుపొచ్చింది గని మింగిన. ఇంక గప్పుడు అడిగేశిన, "సారూ, గది మెడ ఎట్ల తిప్పిందో జర చూపిస్తరా?"

సారు లేసి నిలబడ్డడు. యాభై ఏండ్లుంటయి ఆయనకు. కదులుతున్న లాంచిల రెండు చేతులు రెక్కల లెక్క ఎన్కకు పెట్టి, రొమ్ము ముందుకు పెట్టి, మెడ ఎన్కకు తిప్పిండు. "ముక్కు రెక్క మీదికి వస్తుంది, ఇలా. కన్ను సగం మూసి ఉంటది." పిల్లలు కిసకిస నవ్విండ్రు. లాంచి నడిపే ఆయన కిటికీలకెళ్లి ఒర్లిండు, "నాయుడుగారూ, మెడ పట్టేస్తది, చూసుకోండి!" సారు పట్టించుకోలే. నేను గీసేదాక గట్లనే ఉన్నడు, నేను తుడిచి మల్ల గీస్తె మల్ల తిప్పిండు. అవ్వ, "దాని పిల్ల ఎనుకబడ్డట్టుంది సారూ, అందుకే చూస్తుంది" అన్నది. సారు, "ఎందుకు చూస్తుందో పుస్తకాల్లో లేదమ్మా. నీ మాటే చెప్తా ఇంక అందరికీ" అన్నడు.

రేవు కాడ దిగినంక సారు ఒక మాట చెప్పిండు. "ముందే చెప్తే నేనే మిమ్మల్ని దీవి మీద ఆపి, తర్వాతి లాంచీలో తీసుకొచ్చేవాణ్ణి కదా. ఇదే టికెట్ మీద రానిస్తారు." నాకు నెత్తి కొట్టుకోబుద్ధయింది. ఇద్దరికి కలిపి నూరు ఇయ్యబోతె తీస్కోలే, నా చేతులనే ముడిచి పెట్టిండు. అక్కడ ఒక అక్క చేపలు ఏపి అమ్ముతుండె, అన్నం, చేప కలిపి నూట ఇరవై. అవ్వ సద్ది ముందట పెట్టుకుంటె చూసి, "పెద్దమ్మా, చేపల పులుసు ఏస్త, నీ అన్నంలనే తిను" అని గిన్నెడు పులుసు పోసింది, పైసలు అడగలే. రెండుంబావుకు సాగర్ల బస్సు ఎక్కినం, చీకటి పడేటప్పటికి ఇంట్ల ఉన్నం.

నాయినకు అంత చెప్పిన. సగం చూసుడు గూడ దాచలే. ఆయన గ్రాఫు దీపం కాడ పట్టుకొని శానాసేపు చూసిండు. "ఒక్క బాతు ఎనుకకు చూడాల్నంటె మడత రాదు, దారమంతా ఇప్పి కట్టాలె. నెల పడ్తది. మడిచి కడ్తె రెండు బాతులు చూస్తయి, అటొకటి ఇటొకటి" అన్నడు. నేను తల కిందికేసిన. నాయిన పెన్సిల్ తీస్కొని ఎడమ దిక్కు మూడో బాతు మెడ గూడ తిప్పిండు. "ఒక్కటే చూస్తె దిక్కులేనట్టుంటది. రెండు చూస్తె ఒకదాన్నొకటి పిలుసుకున్నట్టుంటది. మడుద్దాం" అన్నడు. ఎనిమిది రోజులు నాయిన, నేను, అవ్వ కూసొని ఇంట్ల మిగిలిన దారంతోని నమూనాకు ఒక్క కొంగు ముక్క కట్టి, రంగేసి, నేసినం. సేటు చేతుల పెడ్తె ఆయన కిటికీ కాడికి తీస్కపోయిండు. పువ్వు గురించి ఏం అడగలే. "గీ రెండు ఏంది, ఎవల్ని చూస్తున్నయి?" అన్నడు. నాయిన నా దిక్కు చూసిండు, చెప్పమన్నట్టు. నేను చెప్పిన. మాచర్ల సారు మెడ తిప్పిన ముచ్చట గూడ చెప్పిన. సేటు నవ్వి ఒక వార్పు ఇచ్చిండు. ఏడు చీరలు. అవి అమ్ముడుపోతె ఇంకోటి చూద్దామన్నడు. నాయిన కంపెనీకి ఫోన్ చేసి ఒకటో తారీఖు రానని చెప్పిండు.

ఏడు చీరలే, తర్వాత ఏందో నాకు తెల్వదు. గని గా రాయి చెక్కినాయనకు, దాన్ని నీళ్లల్ల మునగనియ్యకుండ గుట్ట మీదికి మోసినోళ్లకు, కుర్చీ తెచ్చిన గార్డుకు, పులుసు పోసిన అక్కకు, మెడ నొయ్యంగ బాతు లెక్క నిలబడ్డ సారుకు నేను ఏమియ్యలే. వాళ్లు గూడ ఏం అడగలే. గింత మంది కలిస్తె మా నాయిన ఇంట్ల కూసొని నేస్తున్నడు. మొదటి చీర అయినంక దాన్ని పట్టుకొని మాచర్ల పోవాలని ఉంది, సారుకు చూపియ్యనీకె.

మీరు పోతె మాత్రం ఒకటి చేయుండ్రి. పొద్దుగాల మొదటి లాంచికి టికెట్టు తీస్కోండ్రి, ఎక్కేముందే "తర్వాతి లాంచికి రావచ్చునా" అని అడిగి పెట్టుకోండ్రి. గంటల ఆ రాళ్లు సగమే కనవడ్తయి.