కొంగు కింద ఫోను

ప్రార్థనకు ముందు తలమీద కొంగు వేసుకోవడం మా చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ అలవాటే. గుంతకల్లులో మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె మాత్రం చేతిలోని ఫోను మీద కూడా ఆ కొంగే కప్పేది. విడపనకల్లు వైపు పల్లెల ఆడవాళ్లు ఫోను చేసి, ఇంట్లో చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకొని ఏడ్చేవారు. ఆమె ప్రార్థించేది. విన్నది దేవుడికి తప్ప ఎవరికీ చెప్పేది కాదు.

ఒక ఆదివారం, బెంగళూరులో సెల్‌ఫోను చిప్పుల పని చేసే ఆమె మేనల్లుడు వచ్చి ఆ పాత ఫోను చూశాడు.

"అత్తా, దీని చిప్పులో తప్పుండాది. బయటినుంచి వచ్చే డేటాకు లోపల ఇంతే చోటని ఉంటాది. ఎవడన్నా కావాలని ఎక్కువ పంపితే అది పక్కకు పొంగి, ఫోను వాని చేతికి పోతాది. మీరు మాట్లాడేదంతా ఇనొచ్చు. పాతదని కంపెనీవాళ్లు బాగుచేసేది మానుకున్నారు."

"ఎవడన్నా ఇన్నాడా?"

"ఇన్నా మనకు తెలీదు."

"కొత్తది కొంటే?"

"ఈ తప్పుండదు. ఇంకోటి ఉందేమో, ఎవరూ కనుక్కోలేదు."

ఆమె ఆ పూటే ఫోను ఆపేసింది. చెప్పుకునేదుంటే ఇంటికి రమ్మని కబురు పెట్టింది. ఊళ్లోవాళ్లు వచ్చారు. మొగుడికి తెలియకుండా దొడ్లోంచి ఫోను చేసేవాళ్లు ఎట్లా వస్తారు?

చివరిసారి నేను వెళ్లినప్పుడు ఆమె ఒంటరిగా ప్రార్థనలో ఉంది. ఒళ్లో ఆపేసిన ఫోను, దానిమీద కొంగు.

"ఎవరి కోసం అక్కా?"

"ఆ పల్లెలోళ్లు ఇప్పుడు గూడా ఫోను చేస్తాంటారమ్మా. నేనెత్తలేదని ఏడుస్తాంటారు."