గడ్డిబండి మీద పట్టే పడవ

మా బావకి పడవ పిచ్చి ఎక్కించింది నేనే. కాబట్టి తిట్లలో మొదటి వాటా నాదే. బావంటే మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. పర్చూరు పక్కన మిరపా పత్తీ పండే నల్లరేగడి ఊరు మాది. పడవ దించేంత నీళ్ళు కావాలంటే చీరాల అవతలి ఉప్పుటేటికి పోవాలి. ఎద్దుబండి మీద ఒక పూట దారి.

అరవైల మొదట్లో నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరాను. గుంటూరులో పాత పుస్తకాల కొట్టులో ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి దొరికింది. ఇంటి దగ్గరే పడవ కట్టుకుని, కారు వెనక తగిలించి నీళ్ళ దాకా లాక్కుపోవడం ఎలాగో వాటిలో బొమ్మలతో సహా ఉంది. కారు లేకపోతేనేం, ఎద్దులున్నాయి కదా అన్నాడు బావ. ఆ వేసవంతా మేం వేరే మాట మాట్లాడుకోలేదు.

చివరికి రెండు బొమ్మలు మిగిలాయి. ఒకటి సన్నగా పొడుగ్గా, రెండు తెరచాపలతో ఉంది. గాలికి ఒరిగినప్పుడల్లా ఎక్కినవాళ్ళు చటుక్కున పక్క మారి, అంచు మీద కూర్చుని వెనక్కి వాలాలి. రెండోదాన్ని క్యాట్‌బోటు అంటారట. పొడుగులో సగం వెడల్పు, లోతు లేని అడుగు, ముక్కు దగ్గరే నిలబెట్టిన కొయ్య, దానికి ఒకే ఒక తెరచాప. పిండి కలిపే పళ్ళెంలా ఉందని బావ నవ్వాడు.

నాకు ఆ పళ్ళెమే కావాలి. చిన్నప్పుడు బండి మీంచి పడి విరిగిన నా కుడికాలికి కట్టు సరిగ్గా పడక, మోకాలు వంగకుండా పోయింది. సన్న పడవలో నేను పక్కలు మారలేను. వెడల్పుదానిలో అయితే కాలు బారజాపుకుని కూర్చుని, చుక్కాని పట్టుకోగలను. నేను పడవెక్కడమా మానడమా అన్నది ఆ బొమ్మ మీదే ఉంది. ఈ సంగతి బావకి విడమరిచి చెప్పాను కూడా.

అంత వెడల్పు బండిలో పట్టదన్నాడు బావ. గడ్డిబండి ఎలా కడతారో గుర్తుచేశాను. చక్రాలకంటే ఎత్తుగా రెండు అడ్డకర్రలు వేసి, వాటి మీద రెండు పక్కలా బయటికి వచ్చేట్టు గడ్డి పేర్చి, మోకులతో బిగిస్తారు. పడవని అలాగే బోర్లించి కట్టొచ్చు. బావ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు.

"సరేరా, నీ పళ్ళెమే కడదాం. నువ్వు లేకుండా నేను నీళ్ళలోకి దిగను."

పడవ కట్టే పనిని మా ఊళ్ళో బండ్లు చేసే ముసలి సాయిబుకి అప్పజెప్పాం. ఊరంతా ఆయన్ని తాతా అనేది. ఆయనకో పట్టింపు ఉంది. ఏది చెయ్యాలన్నా ముందు నేల మీద సున్నంతో నిండు కొలత గీయించి, వాడేవాళ్ళని అందులో నిలబెట్టి చూసిగాని రంపం ముట్టడు. బండి అయితే ఎద్దుల్ని కూడా తోలుకురమ్మనేవాడు. మిరపకాయలు ఎత్తేసిన మా కల్లంలో నేను క్యాట్‌బోటు గీశాను. నేనూ బావా ఆ గీతల మధ్య కూర్చున్నాం. తాత నా మడమ ఆనినచోట ఒక మేకు పాతి, ఇక్కడికి అడ్డుచెక్క రాకుండా చూస్తానన్నాడు. నా కాలు గురించి అడక్కుండా అంత ఆలోచించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

తర్వాత డ్రాయింగు పరీక్షకని నెల రోజులు గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. బయల్దేరేముందు బావ, ఉత్తినే చూసుకోవడానికి ఆ సన్న పడవ బొమ్మ కూడా గీసిపెట్టమన్నాడు. గీతలో నా పనితనం చూపించుకోవాలన్న బడాయి ఒకటి ఏడ్చింది కదా, కొలతలన్నీ వేసి, కీళ్ళతో సహా గీసిచ్చాను.

తిరిగొచ్చి సాయిబు పాక దగ్గరికి వెళితే పడవ సిద్ధంగా ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది. తాత నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నువ్వే భయపడి ఎక్కనన్నావంట గదా బాబూ. బొమ్మ కూడా నువ్వే మార్చి పంపావని చెప్పాడు మీ బావ. గీత నీదే గదా, నమ్మాను."

నా బదులు గీతల్లో ఎవరు కూర్చున్నారని అడిగాను. బావ స్నేహితుడొకడు ఒంగోలు నుంచి వచ్చి కూర్చున్నాడట. కాళ్ళు రెండూ బాగున్నవాడు.

బావని నిలదీశాను. తలైనా దించుకోలేదు. వెడల్పుది మెల్లగా పోతుందట, అందులో మజా ఉండదట.

"అయినా నీకు గీయడం ఇష్టం గానీ, ఎక్కడం ఎందుకురా? ఒడ్డున కూర్చుని చూడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పడవ దించేరోజు దాన్ని మోసుకెళ్ళే బండిలోనే నేనూ వెళ్ళాను. ఎందుకు వెళ్ళానని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. బావా, ఆ ఒంగోలు స్నేహితుడూ మునిగితే చూడాలని వెళ్ళాను, ఉన్నమాట అది.

ఏటి ఒడ్డున తెరచాపల తాళ్ళు ఏది ఎక్కడ కట్టాలో వాళ్ళిద్దరికీ తెలియలేదు. పత్రికలోని ఇంగ్లీషు చదివి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. బావ ఆ పత్రిక నా చేతిలో పెట్టాడు. ఒక్క ముడి తప్పు చెప్పినా చాలు, తెరచాప ఊడి మీద పడేది. ఇసకలో కాలు బారజాపుకుని కూర్చుని, ప్రతి ముడీ సరిగ్గా చదివి చెప్పాను. తాళ్ళన్నీ బిగిశాయి. గాలి పట్టి పడవ చక్కగా సాగిపోయింది. అవతలి ఒడ్డు దాకా పోయినా బావ ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

గంట తర్వాత ఒళ్ళంతా తడిసి, మొహం వెలిగిపోతూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు. నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వూ ఉంటే ఎంత బాగుండేదిరా అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను ఆ చెయ్యి తీసేసి, ఎద్దుల్ని కట్టమన్నాను.