రపేషస్‌కు మూడర్థాలు

1974లో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్ మెజిస్ట్రేటు కోర్టుకు తర్జుమాదారుగా బదిలీ చేశారు. ఇంగ్లిషు కాగితాలను తెలుగులోకి, తెలుగు వాంగ్మూలాలను ఇంగ్లిషులోకి మార్చడం నా పని. హోదాలో బంట్రోతు కంటే కాస్త పైన, పలుకుబడిలో చాలా కింద.

చేరిన కొత్తలోనే ఒక పరువునష్టం కేసు వచ్చింది. దంతాలపల్లి వైపు ఒక ఊరి దొర రంగారావు ఫిర్యాది. అక్కడి ఇంగ్లిషు పంతులు సత్తయ్య ముద్దాయి. బడి వార్షికోత్సవంలో పంతులు ఇంగ్లిషులో ఉపన్యసిస్తూ దొరను 'రపేషస్' మనిషి అన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది దొరే. పట్నం అల్లుడు అర్థం చెప్పాక కోర్టుకెక్కాడు. శిక్ష పడితే పంతులు ఉద్యోగం ఊడుతుంది.

విచారణకు ముందు ఇద్దరు వకీళ్లూ నన్ను వరండాలో పట్టుకున్నారు. దొర వకీలు ఆ మాటకు తెలుగులో 'బందిపోటు' అనమన్నాడు. పంతులు వకీలు 'కాస్త ఆశ ఎక్కువ' అంటే చాలన్నాడు. నిఘంటువులో ఉన్నదే చెబుతానన్నాను.

మెజిస్ట్రేటు అన్ని అర్థాలూ చదవమన్నారు. దొర సాక్షి బోనులో ఉన్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను.

"ఒకటి, ఎదుటివారిది బలవంతంగా లాక్కునేవాడు."

"గుంజుకునుడేంది సార్? మేకలు, కోళ్లు వాళ్లే ఇచ్చి పోతరు," అన్నాడు దొర. వకీలు సైగ చేస్తున్నా ఆగలేదు.

"రెండు, గద్దలాగా వేటాడి బతికేది."

"నేనెందుకు పోత? జీతగాళ్లను తోలుత."

"మూడు, ఎంత తిన్నా ఆకలి తీరనివాడు."

"గది పచ్చి అబద్ధం! డాక్టరు నన్ను పెరుగన్నమే తినమన్నడు."

కోర్టంతా నవ్వింది. వెనక నుంచి యాకమ్మ అనే ముసలామె లేచింది.

"నేనియ్యలే సారూ! నా మేకను పలుపు కోసి తోలుకపోయిండ్రు."

అన్న మాట నిజమని, జనం మేలు కోరి అన్నానని రుజువు చేసుకునే హక్కు ముద్దాయికి ఉంది. యాకమ్మను సాక్షిగా పిలుస్తామని పంతులు వకీలు అడిగాడు. ఆమె వెనకే ఊరి జనం మరికొందరు లేచి నిలబడ్డారు. దొర వాళ్ల మొహాలు చూసి, భోజన విరామం కాకముందే ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు.

పంతులు ఉద్యోగం మిగిలింది గానీ, నెల తిరక్కుండా కాటారం అడవుల్లోకి బదిలీ అయింది. యాకమ్మ మేక తిరిగి రాలేదు. దాన్ని అప్పటికే వండేశారట.

మాటకు మూడర్థాలుంటే తర్జుమాదారు మూడూ చెప్పాలి. ఏది ఎవరికి తగిలిందో వాళ్లే బయటపెట్టుకుంటారు.