మేస్త్రి ముట్టొద్దన్న దిమ్మ

మొన్న పొద్దున కోరుట్లలో బస్సు దిగుతుంటే తంగళ్ళపల్లి నుంచి ఫోను వచ్చింది, మేస్త్రి పోయాడని. రోడ్డు దాటి తిరుగు బస్సెక్కాను. ఆయన నాకు చుట్టం కాదు, కులం కాదు. కరువు పనిలో నా చేతికి గడ్డపార ఇచ్చిన మనిషి.

సిరిసిల్లలో నూలు రాక మగ్గాలు ఆగిన ఏడాది అది. చెరువు పూడిక తీస్తే సర్కారు బియ్యం ఇస్తుంది, తీయకపోతే గింజ లేదు. ఇంట్లో నా భార్య పచ్చి బాలింత. మేస్త్రి నా అరచేయి తిప్పి చూసి నవ్వాడు.

"నూలు పట్టిన చేతులు. మెల్లగ తవ్వు తమ్మీ, చెరువు ఏడికీ పోదు."

తవ్వలేని ముసలమ్మలకు నీళ్లు మోసే పని పెట్టేవాడు. ఎవరైనా గొణిగితే, "దూప తీర్చుడు పని కాదా?" అని నోరు మూయించేవాడు.

తవ్విన గుంట నడుమ కొంత మట్టిని దిమ్మలా వదలాలి. ఎంత లోతు తవ్వామో దాన్ని బట్టే కొలుస్తారు. మేస్త్రి ఆ మాట చెప్పాడు, నేను వినిపించుకోలేదు. బట్టలో చిన్న ముడి ఉన్నా ఓర్వలేని నేతగాణ్ణి. ఆ దిమ్మ కంట్లో నలుసులా అనిపిస్తే శుభ్రంగా చెక్కి చదును చేశాను. పైగా గర్వంగా చూపించాను కూడా! మేస్త్రి తల పట్టుకున్నాడు.

కొలతలకు వచ్చిన సారు జీపు దిగుతూనే గడియారం చూసుకున్నాడు. నక్సలైటు అన్నల భయానికి ఆఫీసర్లు పొద్దుండగానే వెళ్లిపోయే రోజులు.

"దిమ్మ లేదు, కొలత లేదు. బియ్యం రావు," అని మళ్లీ జీపెక్కాడు.

మేస్త్రి వెళ్లి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. సర్కారు జీపు ఆపినవాణ్ణి అన్నల మనిషని పట్టుకుపోయే కాలమది.

"తప్పు నాది సారూ, నేను సరిగ్గ చెప్పలే. గాని, గుంటల తవ్విన మట్టి ఏడికి పోయింది? కట్ట మీదనే ఉన్నది. దాన్నే కొలువుండ్రి."

చెప్పింది ఆయన, విననిది నేను. నింద మాత్రం ఆయనే నెత్తికెత్తుకున్నాడు. సారు విసుక్కుంటూనే టేపు తీశాడు. ఆ సాయంత్రం మా పొయ్యి మీద అన్నం ఉడికింది. ఆ పనే లేకపోతే నేనూ అందరిలా మగ్గాల పనికి భీవండి బండెక్కేవాణ్ణి.

మర్నాడు దండం పెట్టబోతే కసిరాడు. "చాలు తియ్యి. ఇంకోసారి దిమ్మను ముట్టకు."

మొన్న మధ్యాహ్నం ఆయన్ని మట్టి చేశారు. అంతా అయ్యాక ఒకతను సమాధి మీది మట్టిని పారతో నేలకు సమంగా లాగబోయాడు. నేను అతని చేయి పట్టుకున్నాను.

"ముట్టకు తమ్మీ. గట్లనే ఉండనియ్యి."

పార ఆగింది. ఎర్రమట్టి దిమ్మ ఎత్తుగా అలాగే ఉంది.